నాగులమ్మ గోడ మేకులు

ఎండ నడినెత్తికి రాకముందే నాగులమ్మ ఇంటి గోడ మీది తాళంచెవులు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి.

మొదట మూడో గది బిహారీ ఆమె వచ్చింది. ఏమీ మాట్లాడలేదు. మేకు నుంచి తన తాళంచెవి తీసి కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. తర్వాత నాగరాణి వచ్చింది. ఆమె మాట్లాడింది. అదే ఎక్కువ కష్టంగా ఉంది.

"ఏమనుకోకు అవ్వా. మా ఆయన తెమ్మన్నడు. నా మనసుల అయితే ఏం లేదు."

"తీస్కపో బిడ్డా," అంది నాగులమ్మ గడపలో కూర్చునే. "నీది ఎర్రదారం కట్టింది. పక్కది ఐదో గదోల్లది, జర చూస్కొని తియ్యి."

నాగరాణి తాళంచెవి తీసుకుంది గాని వెంటనే కదల్లేదు. ఏదో ఒకటి అనాలని ఉంది. "జానీని ఇంకా ఇడువలేదా?" అంది చివరికి.

"లేదు. వాళ్లమ్మ గ్రేస్ స్టేషన్ కాడనే కూసుంది."

ఎదురుగా రేకుల గది గుమ్మంలో నిలబడి శ్రీలత ఇదంతా చూస్తోంది. చెయ్యి మాటిమాటికీ మెడ మీదికి పోతోంది. మెడలో పసుపుకొమ్ము కట్టిన దారం ఉంది. పుస్తెలతాడు లేదు. రెండు తులాలది, పెళ్ళినాటిది. నిన్న పట్టపగలు ఇంట్లోంచి పోయింది.

శ్రీలత పనిచేసేది షాద్‌నగర్ బయట విత్తనాలు ప్యాక్ చేసే కంపెనీలో. మెషిన్ల దగ్గర మెడలో బంగారం, చేతికి గాజులు ఉండకూడదని గేటు దగ్గరే తీయిస్తారు. అందుకని ఆమె రోజూ పొద్దున పుస్తెలతాడు తీసి బియ్యం డబ్బాలో పెట్టి, పసుపుతాడు వేసుకుని షిఫ్టుకు వెళుతుంది. కాంట్రాక్టరు రోజుకు ఇచ్చే నాలుగు వందల యాభై రూపాయల కోసం మెడలోది తీయడం మొదట్లో ఏడుపు తెప్పించేది. తర్వాత అలవాటైంది.

ఆ వాడలో సగం మంది ఆడవాళ్ళు ఇలాగే ఏదో ఒక కంపెనీకి వెళతారు. మొగుడిదో షిఫ్టు, పెళ్ళానిదో షిఫ్టు, పిల్లలు బడి నుంచి వచ్చేది ఇంకో వేళ. ఒక్క తాళంచెవి ముగ్గురికి కావాలి. రెండోది చేయించుకుంటే ఎవరో ఒకరు పారేసుకుంటారు. అందుకని చాలా ఏళ్ళ కిందట ఎవరో నాగులమ్మకు ఇచ్చి వెళ్ళారు. ఆమె గోడకు ఒక మేకు కొట్టింది. అటుతర్వాత మేకుల వరస పెరిగింది. కొత్తగా కిరాయికి దిగిన వాళ్ళకు ఓనరు చెప్పకపోయినా పక్కింటి వాళ్ళు చెప్పేవారు, తాళంచెవి అవ్వ దగ్గర పెట్టి పొమ్మని. ఎవరి ఇంటికి చుట్టం వచ్చినా ముందు నాగులమ్మ అరుగు ఎక్కాల్సిందే. నాగరాణి తమ్ముడు అచ్చంపేట నుంచి వచ్చినప్పుడు అక్క షిఫ్టు దిగేదాకా ఆ అరుగు మీదే కూర్చుని, ఆమె ఇంటి మట్టి రంజన్‌లో చల్లటి నీళ్ళు తాగి, జొన్నరొట్టె తిని, నిద్ర కూడా పోయాడు. చుట్టానికి తాళంచెవి ఇవ్వడం నాగులమ్మ పద్ధతి కాదు. చుట్టాన్ని కూర్చోబెట్టడం ఆమె పద్ధతి.

నిన్న మాత్రం ఇచ్చింది.

శ్రీలత మూడింటికి షిఫ్టు దిగి వచ్చేసరికి నాగులమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. "నీ తమ్ముడు గంత జల్ది పోయిండేందే? నువ్వొచ్చేదాంక ఉంటడనుకున్న," అంది. శ్రీలత ఒక్కగానొక్క తమ్ముడు సూరత్‌లో మరమగ్గాల మీద ఉన్నాడు. తలుపు దగ్గరికి వేసి ఉంది. బియ్యం డబ్బా బోర్లపడి ఉంది.

"నేను అడిగిన బిడ్డా, సూరత్‌ల ఉండే పిలగానివేనా అని. అవునన్నడు," అని నాగులమ్మ నిన్న సాయంత్రం నుంచి అందరికీ చెబుతోంది. అంతకుమించి చెప్పడం లేదు. రాత్రి నిద్రపట్టక శ్రీలత కూడా అనుకుంది, ఆ తమ్ముడనేవాడు అసలు ఉన్నాడా అని. నైట్ డ్యూటీ చేసి వచ్చి లోపల పడుకున్న నాగులమ్మ మనవడు జానీ ఉన్నాడు గదా అని. అనుకున్నందుకు సిగ్గుపడలేదు. బంగారం పోయినప్పుడు సిగ్గు తర్వాత వస్తుంది.

పొద్దున పోలీసులు వచ్చి జానీని తీసుకుపోయారు. అతడు గోదాములో సామాను ఎత్తే బండి నడుపుతాడు. మూడేళ్ళు కాంట్రాక్టులో తిప్పి, ఇప్పుడు పర్మనెంటు చేస్తామన్నారు. దానికి పోలీసు స్టేషన్ నుంచి ఏ కేసూ లేదని కాగితం కావాలి. ఈ వారంలోనే ఇవ్వాలి.

"ఏం చూస్తున్నవ్ గట్ల?" వెనక నుంచి అత్త లక్ష్మీనర్సమ్మ అంది. బజారులోని చీరల దుకాణం వాళ్ళిచ్చిన చీర ఒళ్ళో వేసుకుని కొంగుకు కుచ్చులు ముడేస్తోంది. నల్లగొండ వైపు మగ్గాల ఊరి నుంచి వచ్చేటప్పుడు ఆ పనొక్కటే ఆమె వెంట వచ్చింది. "నేను మొదలే చెప్పిన. ఇల్లు తీస్కపోయి వాళ్ల చేతుల పెడ్తిరి."

"రోజూ తాళంచెవి తగిలిచ్చేది నువ్వే గదత్తమ్మా."

"నలుగురు చేసేది చేసిన. నాకేం ఎర్కనే, గింత పని చేస్తరని!"

అది నిజమే. లక్ష్మీనర్సమ్మ రోజూ చీరల దుకాణానికి బయల్దేరేటప్పుడు ఆ గోడ దాకా వెళ్ళి, గడప దాటకుండా చెయ్యి చాచి మేకుకు తగిలించి వచ్చేది. క్రిస్మస్‌కు నాగులమ్మ వాళ్ళు పంపిన కేకు తీసుకునేది గాని తినేది కాదు, నాగరాణి పిల్లలకు ఇచ్చేసేది. నాగులమ్మకు ఇది తెలుసు. తెలిసినట్టు ఎన్నడూ కనిపించలేదు.

అప్పుడే అమరేందర్ బండి వచ్చి ఆగింది. ఆ వాడలో రెండు వరసల రేకుల గదులూ అతడివే. రెండు వరసలకూ మధ్యన, రోడ్డుకు ముఖంగా, నాగులమ్మ సొంత ఇల్లు ఉంది. ఎప్పుడో సర్కారు ఇచ్చిన జాగా. అది ఒక్కటీ చేతికొస్తే రోడ్డు ముందు షట్టర్ల దుకాణాలు వేయవచ్చని అతడు అందరికీ బాహాటంగానే చెబుతాడు.

"అశోక్ లేడా?" అన్నాడు బండి దిగకుండానే.

శ్రీలత భర్త అశోక్‌కుమార్ లోపల నుంచి చొక్కా వేసుకుంటూ వచ్చాడు. "ఉన్నన్నా."

"ఎస్సైతోని మాట్లాడిన. ఊకె ఎవడో వచ్చిండు, ఎవడో పోయిండు అంటే ఏం గాదంట. అనుమానం జానీ మీద ఉన్నదని మీ ఆమె చెప్పాలె. పోయింది ఆమెది గాబట్టి ఆమెనే సంతకం పెట్టాలె."

"జానీ తీసిండని ఎవరు చూసిన్రన్నా?" అంది శ్రీలత.

"మరి తమ్ముడొచ్చిండని ఎవలు చూసిన్రు? ముసలామె ఒక్కతే గద!" అమరేందర్ నవ్వాడు. "నువ్వు చదువుకున్నదానివి, నీకు నేను చెప్పాల్నా? వాడు రెండు దినాలు లోపల కూసుంటే బంగారం అదే బయటికొస్తది. నీ బంగారం నీకొద్దా?"

"కావాలె."

"గదే చెప్తున్న. మీ అగ్రిమెంటు ఉగాదికే అయిపోయింది. నేనేమన్న అడిగిన్నా? అందర్ని పదకొండు నెలలకు లేపుతున్న, కిరాయి పెంచి కొత్తోల్లను పెడుతున్న. మిమ్ముల మాత్రం లేపలే. అశోకు మనోడు." అతడి చూపు అశోక్‌కుమార్ మీదికి వెళ్ళింది. అన్ని గదుల కరెంటు పనీ అశోక్‌కుమార్ పైసా తీసుకోకుండా చేస్తాడు. "పన్నెండింటికల్లా స్టేషన్ల ఉండున్రి."

బండి వెళ్ళాక అశోక్‌కుమార్ భార్య ముఖం చూడలేదు. "నువ్వు దొంగ అని చెప్తలేవు. అనుమానం అని చెప్తున్నవు. అంతే గద," అన్నాడు.

"కాగితం మీద పడ్డంక రెండూ ఒకటే."

"మరి యాడికి పోదం? గీ కిరాయికి షాద్‌నగర్ల ఏ ఇల్లు దొరుకుతది? చెప్పు!"

చెప్పడానికి ఆమె దగ్గర ఇల్లేమీ లేదు. చెప్పులు వేసుకుని వాకిలి దాటింది.

నాగులమ్మ కదలకుండా కూర్చుంది. గోడ మీద ఇంకా మూడు తాళంచెవులు మిగిలాయి. మిగతా మేకుల చుట్టూ సున్నం మీద తాళంచెవులు ఊగి ఊగి గీసిన నల్లటి గీతలు ఉన్నాయి.

"స్టేషన్‌కు పోతున్నవా బిడ్డా?"

"పోతున్న. ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు అవ్వా. నాగరాణి తమ్ముడొస్తే ఈడ కూసుండబెట్టినవ్. ఒడియా వాళ్ల బావమర్ది వస్తే కూసుండబెట్టినవ్. ఎవ్వలకు తాళంచెవి ఇయ్యలే. నా తమ్ముడంటే ఎందుకిచ్చినవ్?"

నాగులమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇచ్చిన. తప్పయింది. ఇడిసిపెట్టు."

"ఇడిసిపెడితే జానీ పేరు రాస్తరు."

ముసలామె తన అరచేతులకేసి చూసుకుంది. తర్వాత ఎదుటి గుమ్మంలో లక్ష్మీనర్సమ్మ ఉందేమోనని ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"కూసో బిడ్డా అన్న. కూసున్నడు. చెమటలు గారుతున్నయి. అవ్వా, దూపైతాంది, జర నీళ్లియ్యి అన్నడు. లేసిన. రంజన్ కాడికి పోయిన. గిలాస ముంచిన గూడ." ఆగింది. "గప్పుడు యాదికొచ్చింది. మీ ఇంటోల్లు మా ఇంట్ల నీళ్లు తాగరు గద."

శ్రీలత చూపు రంజన్ మీదికి వెళ్ళింది.

"వాడు పిలగాడు, వానికేం ఎర్క? తాగినంక మీ అత్తకు తెలిస్తే? కొత్తగ వచ్చిన చుట్టానికి తాపిచ్చిందని రేపు నన్నే అంటది. తాపియ్యకుంటే ఎండలొచ్చినోడు ఎట్లుంటడు? ఇగ ఏం జెయ్యాలె? మీ అక్కోల్ల ఇల్లు గదే నాయినా, పోయి లోపల తాగు అని తాళంచెవి చేతుల పెట్టిన." ఆమె చేత్తో ముక్కు తుడుచుకుంది. "పోలీసోల్లకు చెప్తే మీ ఇంటి పేరు చెడుతదని చెప్పలే. చెప్పినా నవ్వుతరు."

ఏడేళ్ళలో తను ఆ ఇంట్లో ఒక్కసారైనా నీళ్ళు తాగిందా అని శ్రీలత గుర్తు చేసుకోబోయింది. కంపెనీలో అందరితో పాటు ఒకే కూలర్ దగ్గర ఒకే స్టీలు గ్లాసుతో తాగుతుంది. కులం అడగకుండానే ఎవరి డబ్బాలోదైనా తింటుంది. ఇక్కడ మాత్రం ఎప్పుడూ అవసరం పడలేదు. ఇల్లు ఎదురుగానే ఉంది గదా అని తనకు తాను చెప్పుకుంది. అత్తకు ఎదురు చెప్పాల్సిన పని లేకుండా ఆ నాలుగడుగుల దూరం ఎంతో సౌకర్యంగా ఉండింది.

స్టేషన్ బయట వేపచెట్టు కింద గ్రేస్ టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చే ఆకుపచ్చ కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. శ్రీలతను చూసి ముఖం పక్కకు తిప్పుకుంది.

ఎస్సై కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు. కుర్చీ చూపించాడు. ఆమె వెంటే వచ్చిన అశోక్‌కుమార్ వెనక నిలబడ్డాడు. గోడ మీద షాద్‌నగర్ పటం ఉంది, దాని మీద ఎర్రటి గుండుపిన్నులు.

"చూసిన్రా మేడం? మీ వాడ అదే. పైపులైన్ పక్కన." ఎర్రపిన్నులు అక్కడే గుంపుగా ఉన్నాయి. "పదేళ్ల రికార్డు. పదేళ్ల కింద ఉన్నోల్లు ఇప్పుడు లేరు. మనుషులు మారిన్రు, కేసులు మారలే. మీరేం చదివిన్రు?"

"బీఏ సార్. సోషియాలజీ ఉండె."

"నేను గ్రూప్స్‌కు చదివిన. ఉన్నది గద పాఠం? ఊరు పెరుగుతుంటే అంచుకు కిరాయి వాడలు తయారైతయ్. వచ్చేటోల్లు, పోయేటోల్లు. ఒకరి ముఖం ఒకరికి తెల్వదు. ఎవడు ఎవని ఇంట్ల జొచ్చినా అడిగేటోడు ఉండడు. ఆడనే నేరాలైతయ్. పుస్తకంల ఉన్నది పుస్తకంల ఉన్నట్టే జరుగుతాంది."

ఆ పాఠం శ్రీలతకు లీలగా గుర్తుంది. పరీక్ష ముందు రాత్రి బట్టీపట్టింది, రాసింది, మరిచిపోయింది. నేరం మనిషి రక్తంలో ఉండదని, ఉండే చోటును బట్టి వస్తుందని చదివినప్పుడు అది మంచిమాటలా అనిపించింది. ఆ మాటనే ఈయన ఇప్పుడు ఒక మనిషిని లోపల వేయడానికి వాడుతున్నాడు. కిరాయిదార్లను పదకొండు నెలలకు ఒకసారి ఎవరు మారుస్తున్నారో, పీఎఫ్ ఇవ్వకుండా కూలీలను ఎవరు తిప్పుతున్నారో చూపే పిన్నులు ఆ పటం మీద లేవు.

కాని అది కూడా కాదు. ఆమెను కూర్చోనివ్వనిది వేరే ఉంది. నిన్న తలుపు తెరుచుకున్నది ఒకరి ముఖం ఒకరికి తెలియక కాదు. నాగులమ్మకు వాళ్ళు బాగా తెలుసు. వాళ్ళు ఎవరింట్లో ఏం ముట్టరో అంతా తెలుసు.

రైటరు రాసిన కాగితం ముందుకు జరిపాడు. ఎస్సై పెన్ను ఇచ్చాడు. "చదువుకొని సంతకం పెట్టున్రి."

ఆమె చదివింది. జానీ పేరు మూడు చోట్ల ఉంది.

"ఇది నేను చెప్పింది గాదు సార్."

"మీ ఓనరు చెప్పిండు."

"పోయింది నాది. ఒకతను వచ్చి నా తమ్ముణ్ని అని చెప్పి తాళంచెవి తీసుకున్నడు. అంతవరకు రాయున్రి, పెడుత. జానీ పేరు రాస్తే పెట్టను."

వెనక నుంచి అశోక్‌కుమార్ "శ్రీలతా" అన్నాడు, చాలా మెల్లగా.

ఎస్సై పెన్ను వెనక్కి తీసుకుని మూత పెట్టాడు. "గా ముసలామె ఎవనికిబడితే వానికి తాళంచెవి ఇస్తదా? మీరే చెప్పున్రి, నమ్మేటట్టున్నదా?"

"ఎవ్వలకు ఇయ్యదు సార్. మా ఇంటి చుట్టమని ఇచ్చింది." రైటరు వైపు తిరిగి చెప్పింది. "వాడు నీళ్లడిగిండు. మేము వాళ్లింట్ల నీళ్లు తాగం. అందుకని తాపియ్యలేక, మా ఇంట్లనే తాగమని తాళంచెవి ఇచ్చింది. ఇది గూడ రాయున్రి."

రైటరు తల ఎత్తి ఆమెను చూశాడు. ఎస్సై చూపు కాగితం మీదికి దించుకున్నాడు. ఆయన కూడా ఏదో ఒక ఊరివాడే, ఈ నీళ్ళ సంగతి తెలియనివాడు కాదు.

"ఇవన్నీ కంప్లైంట్ల రాసేవి గావు," అన్నాడు చివరికి. కాగితం వెనక్కి లాక్కున్నాడు. "మల్ల ఆలోచించుకొని రాన్రి. గీ పిలగాడు సాయంత్రం దాంక ఈడనే ఉంటడు. బంగారం దొరకకపోతే నన్నడగొద్దు."

బయటికి వచ్చేసరికి గ్రేస్ లేచి నిలబడి ఉంది. ఆ చెట్టు కిటికీ పక్కనే కాబట్టి వినే ఉంటుంది. శ్రీలత ఆమె దగ్గర ఆగింది.

"పేరు రాయనియ్యలే అక్కా."

"రాయనియ్యకుంటె ఇడిసిపెట్టిన్రా?" అంది గ్రేస్. "నా కొడుకు బయటికి రానియ్యి. గప్పుడు మాట్లాడుత నీతోని."

ఇంటికి వెళ్ళే దారిలో అశోక్‌కుమార్ నాలుగడుగులు ముందే నడిచాడు. ఒక్కసారి మాత్రం వెనక్కి తిరిగి, "గదంత పోలీసుల ముంగట చెప్పాల్నా? మా అమ్మ ఇజ్జత్ ఏమైతది?" అన్నాడు. ఆమె జవాబు కోసం ఆగలేదు. మలుపు దగ్గర అతడి ఫోను మోగింది. పేరు చూసి, ఎత్తకుండా, కాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అమరేందర్‌కు అప్పుడే తెలిసిపోయింది. అశోక్‌కుమార్ ఫోను చెవికి పెట్టుకుని, "అన్నా... అన్నా, ఒక్క నిమిషం ఇను అన్నా" అంటూ పక్క సందులోకి తిరిగాడు.

శ్రీలత ఒక్కతే వాడలోకి వచ్చింది. నాగులమ్మ గోడ మీద ఒక్క తాళంచెవి కూడా లేదు. పొద్దున్నే బజారులో కొన్న కొత్త తాళం తాలూకు చెవి ఆమె కొంగున ఉంది. ముడి విప్పి, అరుగు దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది.

"వద్దు బిడ్డా," అంది నాగులమ్మ. చేతులు రెండూ కొంగులో దాచుకుంది. "ఇగ నాతోని గాదు. ఎవలది వాళ్లే పెట్టుకోన్రి."

"జానీ పేరు మీద సంతకం పెట్టలే అవ్వా."

"మంచిగ చేసినవ్." అంతే అంది. ముఖంలో ఏమీ మారలేదు.

చాచిన చెయ్యి శ్రీలత దించింది. ఎండకు కళ్ళు తిరుగుతున్నాయి. పొద్దున నుంచి ఏమీ తినలేదు. అరుగు ఎక్కి, నాగరాణి తమ్ముడు కూర్చున్న చోటే కూర్చుంది.

"అవ్వా, దూపైతాంది."

నాగులమ్మ ఆమెకేసి చూసింది. "ఇల్లు ఎదురుంగనే ఉన్నది గద బిడ్డా."

"ఈడనే తాగుత."

ముసలామె మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది. గిలాస తీసుకుంది. రంజన్ దగ్గరికి వెళ్ళి మూత మీద చెయ్యి వేసింది. అక్కడి నుంచి శ్రీలత భుజం మీదుగా బయటికి చూసి, ఆగిపోయింది.

ఎదుటి గుమ్మంలో లక్ష్మీనర్సమ్మ నిలబడి ఉంది. చేతిలోని చీర కిందికి జారి, సగం ముడేసిన కుచ్చులు నేల మీద పడి ఉన్నాయి.

"శ్రీలతా," అని పిలిచింది. "లేసి ఇంట్లకు రా."

శ్రీలత లేవలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. గిలాస కోసం చెయ్యి చాచింది.

నాగులమ్మ చెయ్యి ఇంకా రంజన్ మూత మీదే ఉంది.